డౌన్‌పైప్ మార్చాక బానెట్ కింద మంట: కొండెక్కే ముందు ఏం చేయాలి?

రేణిగుంట_ఆక్టేవియా | మే 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

బండి 2016 ఆక్టేవియా 1.8 టీఎస్ఐ (టర్బో పెట్రోలు, అంటే పొగ తోపుతో తిరిగి ఇంజిన్లోకి గాలి ఎక్కువ కొట్టే పరికరం ఉంటుంది), డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్లు), 81 వేల కిలోమీటర్లు తిరిగింది. మార్చిలో వేరే ఊళ్లో ఒక ఫిట్టర్ దగ్గర మూడంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగని కిందికి దించే పైపు) వేయించాను. ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపు, మధ్యలో 200 సెల్ క్యాట్ (పొగలో కాలుష్యం తగ్గించే జల్లెడ లాంటి డబ్బా). దాంతోపాటే ఓపెన్ ఫిల్టరు (డబ్బా లేని గాలి ఫిల్టరు), చిన్న రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు). లాగుడు గురించి చెప్పక్కర్లేదు, నాయుడుపేట రోడ్డెక్కితే దిగబుద్ధి కాదు.

సమస్యల్లా వేడి. మార్చిలో తెలియలేదు. ఇప్పుడు రేణిగుంటలో ఎండ 42 దాటుతోంది. ఆఫీసు నుంచి వచ్చి ఇంటి ముందు ఆపితే బానెట్ మీద చెయ్యి ఆన్చలేను. రబ్బరు కాలుతున్న వాసన. యాక్సిలరేటర్ మీద ఉన్న పాదానికి సెగ తగులుతోంది. ఓబీడీ డాంగుల్ (ఇంజిన్ అంకెలు ఫోన్లో చూపించేది) పెట్టి చూస్తే రోడ్డు మీద పోతున్నప్పుడు ఇన్‌టేక్ గాలి, అంటే ఇంజిన్ పీల్చే గాలి, 50 డిగ్రీల దగ్గర ఉంటోంది, లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 71. కూలెంట్ ముల్లు మాత్రం 90 దగ్గర నుంచి కదలదు.

ఫిట్టర్‌కి ఫోన్ చేస్తే "టర్బో బండంటే ఇంతే సార్, అలవాటైపోతుంది" అన్నాడు. వచ్చే ఆదివారం అమ్మానాన్నలతో తిరుమల కొండకు పోవాలి. పైపుకి ర్యాప్ (వేడి ఆపే పట్టీ) చుట్టించాలా, టర్బో బ్లాంకెట్ (టర్బో మీద వేసే వేడి ఆపే తొడుగు) వేయాలా, బానెట్‌కి కన్నాలు కొట్టించాలా? టెన్షన్‌గా ఉంది.

---

మామిడితోట_చిత్తూరు | మే 4, రాత్రి 10:40

ర్యాప్ చుట్టెయ్ బ్రో, అంతే. టైటానియం ర్యాప్ అని అమ్ముతారు, నిజానికి అది లావా రాయి పోగు. రెండంగుళాల పట్టీ, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పావు అంగుళం ఎక్కేలా బిగించి చుట్టాలి, చివర్లో స్టీలు టై. మామూలు ఫైబర్‌గ్లాస్ ర్యాప్ కొనకు, టర్బో దగ్గర వేడికి ఎక్కువ రోజులు నిలవదు. చేతులకు గ్లవుజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. నేను ఒట్టి చేతులతో చుట్టి రెండు రోజులు గోక్కున్నాను. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ వస్తుంది, భయపడొద్దు.

---

టీజెట్_చంద్రగిరి | మే 5, ఉదయం 6:55

ర్యాప్ కొనే ముందు ఒక్క నిమిషం. అసలు ఏ వేడి ఎక్కడికి పోతోందో చూడండి.

పెట్రోలు టర్బో ఇంజిన్లో గట్టిగా తొక్కినప్పుడు టర్బైన్‌లోకి వెళ్లే పొగ 900 డిగ్రీల దాకా పోతుంది. టర్బో దాటగానే ఆ పొగ వచ్చేది మీ డౌన్‌పైప్‌లోకే. కంపెనీ పైపు మీద రేకు తొడుగులుంటాయి, రేకుకీ పైపుకీ మధ్య గాలి సందు ఉంటుంది. బయట దొరికే పైపులు చాలావరకు ఒట్టి పైపులే, పైన ఏ తొడుగూ ఉండదు. మీరు మార్చింది పైపొక్కటే కాదు, దాని చొక్కా కూడా విప్పేశారన్నమాట.

ఇటుక బట్టీ దగ్గర నిలబడితే గాలి చల్లగానే వీస్తున్నా మొహం మండిపోతుంది కదా, డౌన్‌పైప్ చేసేదీ అదే. ఎర్రగా కాగిన లోహం నుంచి వచ్చే సెగ గాలితో పని లేకుండా ఎదురుగా ఉన్నదాన్ని కాలుస్తుంది. పైగా అది ఉష్ణోగ్రతతో పాటు మామూలుగా పెరగదు, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పైపు పైభాగం 300 డిగ్రీల నుంచి 600 అయిందనుకోండి, సెగ రెట్టింపు కాదు, ఐదు రెట్లు దాటుతుంది. అందుకే ఎండ పెరగడం వల్లే మార్చిలో బాగున్న బండి మేలో వాసన కొడుతోంది అనడం సగమే నిజం. బయట పది డిగ్రీలు పెరిగితే పైపుకి లెక్కే లేదు. మీ ఇంజిన్ గదిలో ఏదో ఒక భాగం పైపుకి ఎదురుగా, అడ్డం లేకుండా ఉంది. రెండు నెలలుగా మెల్లగా ఉడుకుతోంది. అదేదో కనిపెట్టాలి.

కూలెంట్ ముల్లుని నమ్మకండి. ఈ బండ్లలో ఆ ముల్లు కొంత పరిధిలో 90 మీదే నిలబడేలా చేసి ఉంటారు. డాంగుల్‌లో అసలు అంకె చూడండి. అయినా మీ బాధ కూలెంట్‌ది కాదనే నా అనుమానం.

71 విషయానికొస్తే, ముందు ఆ ఓపెన్ ఫిల్టరు తీసేయండి. కంపెనీ ఎయిర్‌బాక్స్ (ఫిల్టరు డబ్బా) ముందు గ్రిల్ నుంచి బయటి గాలి పీలుస్తుంది. మీ ఓపెన్ ఫిల్టరు బానెట్ కింద ఉడికిన గాలినే పీలుస్తోంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, ఆపైన ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. డబ్బులు పెట్టి పవర్ తగ్గించుకున్నట్టు.

---

పాత_ట్యాక్సీ | మే 5, ఉదయం 9:20

నేను 1989 నుంచి కొండకు ట్యాక్సీ తోలినా నాయనా. మా కాలంలో ఈ ర్యాపులూ గీపులూ ఏం లేవు. సైలెన్సర్ పైపుకి ఆస్బెస్టాస్ తాడు చుట్టేవాళ్లం. బానెట్ వెనక కీలు కింద రెండు వాషర్లు పెట్టి అద్దం పక్కన సందు వదిలితే వేడంతా అట్ల పోతా ఉండాది. పది రూపాయల పని. చేసి చూడు.

---

టీజెట్_చంద్రగిరి | మే 5, ఉదయం 9:48

పెద్దాయనా, కోప్పడకండి, రెండింటికీ ఒప్పుకోలేను. ఆస్బెస్టాస్ పోగు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుంది. పాత షెడ్లలో ఇంకా ఆ తాడు కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

వాషర్ల సంగతి నేను చేసి చూశాను. బండి ఆగి ఉన్నప్పుడు వేడి పైకే పోతుంది కాబట్టి ఆ సందులోంచి బయటికి వస్తుంది, నిజమే. బండి కదిలితే కథ మారుతుంది. ముందు అద్దం మొదట్లో గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఏసీకి గాలి తీసుకునే జాలీ కూడా అక్కడే పెడతారు. మా బానెట్ నిండా అంగుళమున్నర నూలు పోగులు టేపుతో అంటించి, చంద్రగిరి బైపాస్ మీద 80లో పోతుంటే మా మేనల్లుడు పక్క బండి నుంచి వీడియో తీశాడు. గ్రిల్ దాటిన వెంటనే పోగులు పైకి లేచి ఆడుతున్నాయి. మధ్యలో వెనక్కి చదునుగా పడుకున్నాయి. అద్దానికి జానెడు దూరంలో ఉన్నవి మాత్రం తల తిప్పి ముందుకు చూస్తున్నాయి! అంటే అక్కడ సందు పెడితే గాలి లోపలికే దూరుతుంది. పైగా ఇంజిన్ వాసనంతా ఏసీలోకి వస్తుంది. కన్నాలు కొట్టించాలనే మోజు ఉంటే బానెట్ ముందు సగంలో, రేడియేటర్ వెనక కొట్టించాలి.

---

పాత_ట్యాక్సీ | మే 5, ఉదయం 10:05

దారం కట్టి చూసినావా! సరేలే, అంబాసిడర్‌కి పని చేసింది, నీ బండి సంగతి నాకు తెలీదు.

---

పుత్తూరు_ఎన్‌లైన్ | మే 5, మధ్యాహ్నం 1:30

ఇంజిన్ కింద ప్లాస్టిక్ ట్రే తీసేస్తే గాలి బాగా తగులుతుందని మా మెకానిక్ చెప్పాడు. నిజమేనా? నాది ఐ20 ఎన్ లైన్, సైలెన్సర్ మార్చే ఆలోచనలో ఉన్నాను.

---

కరకంబాడి_ఇంజినీర్ | మే 5, మధ్యాహ్నం 2:15

తీయొద్దు. రేడియేటర్ గుండా గాలి రావాలంటే ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండాలి. ట్రే తీస్తే కింది నుంచి గాలి ఎగదన్ని ఆ తేడా తగ్గిపోతుంది. సిగ్నల్ దగ్గర కాస్త చల్లగా అనిపిస్తుంది, హైవే మీద నష్టపోతారు. వానాకాలంలో బురద అదనం.

ఇంకో మాట, ఇది అందరికీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం, కాలుష్యం నిబంధనలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికి 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాట్ పూర్తిగా పీకేసి ఒట్టి పైపు వేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. కాలిపోయిన బండికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే సర్వేయర్ మొదట అడిగేది కూడా ఇదే. రేణిగుంట మిత్రుడు క్యాట్ ఉంచుకున్నాడు, అంతవరకు మెరుగు.

---

మామిడితోట_చిత్తూరు | మే 5, మధ్యాహ్నం 2:21

సార్ వచ్చారు, క్లాసు మొదలైంది 😄

---

లీనియా_తిరుచానూరు | మే 5, రాత్రి 8:50

ర్యాప్ గురించి నా అనుభవం. మా ఫియట్ లీనియా టీ-జెట్ డౌన్‌పైప్‌కి 2020లో ర్యాప్ చుట్టించాను. ఏడాది హాయిగా ఉంది, బానెట్ కింద తేడా చేతికి తెలిసేది. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. ర్యాప్ స్పాంజిలా తాగేసింది. ఆరిపోయిందిలే అనుకుని వదిలేశాను. మరుసటి సంక్రాంతికి ‘టిక్ టిక్ టిక్’ అని చప్పుడు, స్టార్ట్ చేసిన మొదటి నిమిషం మాత్రమే. విప్పి చూస్తే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) దగ్గర వెల్డింగ్ వెంట వెంట్రుకంత చీలిక, చుట్టూ నల్లటి మసి. మా పైపు మామూలు ఇనుము, ర్యాప్ కింద పొరలు పొరలుగా తుప్పు పట్టి ఊడొచ్చింది. ఆర్గాన్ వెల్డింగ్ చేసే మేస్త్రీ ఆ పైపుని సుత్తితో ఒకసారి తట్టి, మాట్లాడకుండా పక్కన పెట్టేశాడు.

స్టెయిన్‌లెస్ ఇంత ఘోరంగా పోదు. కానీ 304కి కూడా ఒక జబ్బుంది. 425 నుంచి 815 డిగ్రీల మధ్య చాలాసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి వెల్డింగ్ పక్కన బలహీనపడుతుంది. ర్యాప్ చుట్టడమంటే పైపుని ఆ వేడిలో ఎక్కువసేపు కూర్చోబెట్టడమే. ఈ పనికి 321 రకం స్టీలు మేలు, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఆయిల్ కారే ఇంజిన్‌కి ర్యాప్ అసలు వద్దు. ఆయిల్ పీల్చిన ర్యాప్ దీపం వత్తి లాంటిది.

---

రేణిగుంట_ఆక్టేవియా | మే 6, రాత్రి 9:30

ఇంత చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. ఓపెన్ ఫిల్టరు తీసి పాత ఎయిర్‌బాక్స్ పెట్టాను. ఈ రోజు అదే ట్రాఫిక్, అదే టైము: 59. అంటే అందులోనే 12 డిగ్రీలు తగ్గింది! వాసన మాత్రం తగ్గలేదు. ర్యాప్ ఆర్డర్ పెట్టాను, ఆదివారం లోపు రాదు. ఇలాగే కొండకు పోతున్నాం.

---

టీజెట్_చంద్రగిరి | మే 6, రాత్రి 9:41

వాసన ఎక్కడిదో తెలియకుండా ఘాట్ ఎక్కకండి. బస్సులో పోయిరండి.

---

రేణిగుంట_ఆక్టేవియా | మే 10, రాత్రి 11:05

మీ మాట వినలేదు, అన్నా. చెప్తాను.

తెల్లవారుజామున పోదామనుకుని బయల్దేరేసరికి తొమ్మిదైంది. అలిపిరి తనిఖీ దగ్గర లైను. సామాన్లు దింపి స్కానింగ్‌కి పంపి, బండి అంగుళం అంగుళం జరుపుతూ, ఏసీ వేసి అరగంట పైనే. ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. పైకి 28 నిమిషాల కన్నా ముందు చేరకూడదన్న నియమం ఎలాగూ ఉంది కదా, రెండో గేరు, మూడో గేరులో నిదానంగానే ఎక్కాను. వేగం లేదు కాబట్టి బానెట్ కిందికి గాలి లేదు, ఎక్కుడు కాబట్టి ఇంజిన్ మీద బరువు తగ్గలేదు. సగం దారిలో అమ్మ "ఏదో కాలుతోందిరా" అంది. మోకాళ్ల పర్వతం మలుపుల దగ్గరికొచ్చేసరికి వాసన ఏసీలోంచే వస్తోంది. ఆపే చోటు లేదు. నాన్న ఏమీ అనకుండా తలుపు హ్యాండిల్ మీద చెయ్యేసి కూర్చున్నాడు, అవసరమైతే దూకడానికి.

పైన పార్కింగ్‌లో బానెట్ ఎత్తితే పొగ లేదు, మంట లేదు. ఇంజిన్ వెనక వైపుకి వంగి టార్చి వేసి చూశాను. కుడి పక్క యాక్సిల్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) ఇంజిన్ దగ్గర మొదలయ్యే చోట, లోపలి జాయింటు రబ్బరు బూటు (గ్రీజుని లోపల ఉంచే తొడుగు) పైభాగం మైనంలా మెత్తబడి, మడతల మధ్య చీలి ఉంది. నల్ల గ్రీజు చుట్టూరా చక్రంలా చిమ్మింది. రెండు చుక్కలు డౌన్‌పైప్ మీద పడి గోధుమరంగు మరకలై ఎండిపోయాయి. ఇన్నాళ్లూ నేను పీల్చిన వాసన అదే.

దర్శనం అయ్యాక అమ్మానాన్నల్ని బస్సులో కిందికి పంపాను. నేను సాయంత్రం చల్లబడ్డాక మెల్లగా దిగి వచ్చాను. ఫోటోలు పెట్టాను, చూడండి.

---

టీజెట్_చంద్రగిరి | మే 10, రాత్రి 11:31

మూడో ఫోటో చూడండి. బూటు పైన, ఇంజిన్ బ్లాకుకి రెండు ఖాళీ బోల్టు రంధ్రాలు కనిపిస్తున్నాయి. వాటి అంచున లోహం కొత్తగా మెరుస్తోంది. అక్కడ ఒక రేకు ఉండాలి. ఈ ఇంజిన్లలో టర్బో వెనక పక్క, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు ఉంటుంది. డౌన్‌పైప్ దిగేది సరిగ్గా కుడి యాక్సిల్ జాయింటు పక్క నుంచే. ఆ జాయింటుకి గొడుగులా కంపెనీవాళ్లు ఒక రేకు పెడతారు. డౌన్‌పైప్ దించాలంటే ముందు దాన్ని విప్పుతారు. మీవాడు విప్పాడు, మళ్లీ బిగించలేదు.

---

కరకంబాడి_ఇంజినీర్ | మే 11, ఉదయం 7:10

ఆయన కళ్లకి దండం పెట్టాలి.

గ్రీజు పడ్డ పైపుతో ఇంకెక్కడికీ తిప్పకండి. బూటు మార్చేదాకా బండి నిలిపేయండి, దుమ్ము దూరితే జాయింటే పోతుంది. పొగ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ వైరు కూడా చూడండి, అది క్లిప్పులోంచి జారి పైపుకి ఆనుకుని ఉండొచ్చు.

---

రేణిగుంట_ఆక్టేవియా | మే 11, రాత్రి 8:15

ఫిట్టర్‌కి ఫోన్ చేశాను. "అవును సార్, కొత్త పైపు లావు కదా, రేకు తగుల్తోంది, శబ్దం వస్తుందని తీసేశా. మీ డిక్కీలోనే పెట్టా" అన్నాడు. స్టెప్నీ టైరు కింద చూస్తే తమిళ పేపర్లో చుట్టి ఉంది, రెండు బోల్టులతో సహా! రెండు నెలలుగా ఆ రేకుని నేనే మోసుకు తిరుగుతున్నాను. పెట్టానని అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది.

---

పాత_ట్యాక్సీ | మే 11, రాత్రి 8:40

బండి ఇప్పిన పక్కనే నిలబడాల నాయనా. టీ తాగను పోతే ఇట్లనే ఐతాది.

---

రేణిగుంట_ఆక్టేవియా | మే 19, రాత్రి 10:00

పని అయింది. వివరాలు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి.

రేకు అలాగే పెడితే మూడంగుళాల పైపుకి నిజంగానే తగులుతోంది, ఫిట్టర్ చెప్పింది అబద్ధం కాదు. రేణిగుంట రోడ్డులో ఒక టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంచు కొంచెం కోసి, మిగతాది చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో లోపలికి వంపు తిప్పాడు. ఇప్పుడు పైపుకీ రేకుకీ మధ్య వేలు దూరేంత సందు. రేకు దేనికైనా ఆనుకుంటే వేడి నేరుగా పాకేస్తుంది, ఆ సందే అసలు పని చేసేది అని మేస్త్రీయే చెప్పాడు. ఇంజినీరింగ్ చదివింది నేను.

బూటు కిట్టు, గ్రీజు, లేబర్ కలిపి 3,800. జాయింటు బతికిపోయింది. ఆక్సిజన్ సెన్సర్ వైరు క్లిప్పు ఊడి ఉంది, పై తొడుగు బిరుసెక్కింది. దానికి సిలికాన్ పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగి పాత చోట క్లిప్పు పెట్టాం. పైపు మీద గ్రీజు మరకలు తుడిచాకే ర్యాప్ చుట్టాం, అది కూడా టర్బో ఫ్లాంజ్ నుంచి క్యాట్ మొదలయ్యే దాకానే. క్యాట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది, దాన్ని బిగించి చుట్టొద్దన్నారు. టర్బో బ్లాంకెట్ మానేశాను.

నిన్న మధ్యాహ్నం బయట 41, లీలామహల్ దగ్గర ఇన్‌టేక్ గాలి 57. పాదానికి సెగ లేదు. వాసన లేదు.

---

పలమనేరు_డీజిల్ | మే 20, ఉదయం 8:05

అన్నా, మొగిలి ఘాట్ ఎక్కి వచ్చాక బండి వెంటనే ఆపొచ్చా? కొందరు మూడు నిమిషాలు ఐడిల్‌లో పెట్టాలంటారు. నాది డీజిల్ టర్బో.

---

టీజెట్_చంద్రగిరి | మే 20, ఉదయం 8:30

డీజిల్ పొగ పెట్రోలంత వేడెక్కదు, కాబట్టి భయం కొంచెం తక్కువ. ఘాట్ దాటాక ఊళ్లో రెండు కిలోమీటర్లు నిదానంగా పోతే అదే చల్లారుస్తుంది. ఘాట్ పైన టీ అంగడి దగ్గరే ఆపితే మాత్రం ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఇంజిన్ ఆగితే టర్బో బేరింగుల్లో ఆయిల్ కదలదు, అక్కడే మాడి బొగ్గు పొరలా గట్టిపడుతుంది. కొత్త బండ్లు కొన్నింటిలో ఇంజిన్ ఆపాక కూడా కరెంటు పంపు కూలెంట్‌ని తిప్పుతుంది, ఫ్యాను కూడా తిరగొచ్చు. చాలామంది అది చూసి బండి పాడైందని షెడ్డుకి పోతారు.

---

పుత్తూరు_ఎన్‌లైన్ | మే 20, ఉదయం 9:12

నేను సైలెన్సర్ ఒక్కటే, వెనక డబ్బా మారుస్తున్నాను. నాకూ ఇదంతా కావాలా?

---

కరకంబాడి_ఇంజినీర్ | మే 20, ఉదయం 9:20

అక్కర్లేదు. వెనక్కి వచ్చేసరికి పొగ చాలా చల్లబడుతుంది. బంపర్ ప్లాస్టిక్‌కి దూరం ఉందో లేదో చూసుకోండి, చాలు.

---

రేణిగుంట_ఆక్టేవియా | జూన్ 7, రాత్రి 9:15

నిన్న మళ్లీ కొండకు పోయొచ్చాం. ఈసారి మధ్యాహ్నం ఎండలో, కావాలనే. నాన్న ఎందుకైనా మంచిదని ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. వాడాల్సిన పని పడలేదు. దిగాక రేకు బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాను, ఒకటి పావు మర తిరిగింది.

ర్యాప్ నాలుగు మీటర్లు మిగిలింది. తిరుపతిలో, చిత్తూరులో ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. గ్లవుజులు మీవే తెచ్చుకోవాలి.